గుట్ట మీద కట్టిన నీలి దారం

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే ముందుగా ఆధారం అడిగే మనిషిని నేను. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి వ్యక్తిని. కనుక ఇక్కడ నాకు జరిగినది మాత్రమే రాస్తున్నాను.

పోచంపాడ్ జలాశయం ఒడ్డున, అడవిని ఆనుకుని ఉన్న పార్కులో పది కిలోమీటర్ల పరుగు పందెం పెట్టారు. ఆడవారిలో మొదటి ముగ్గురిని రాష్ట్ర పోటీకి పంపుతారు. ఆరు నెలలుగా నా ధ్యాసంతా దాని మీదే. దారిలో రెండు చోట్ల బీడీలు చుట్టే ఆడవాళ్లను కూర్చోబెట్టారు. వచ్చినవారి మణికట్టుకు దారం కట్టి, నంబరు రాసుకోవడం వారి పని. వంతెన దగ్గర తెల్ల దారం, గుట్ట మీద నీలి దారం.

ఉదయం ఏడింటికి బయలుదేరాం. తెల్ల దారం కట్టించుకున్నాక కాళ్లు తేలికపడ్డాయి. ఒకవైపు టేకు చెట్లు, మరోవైపు ఎండకు మెరిసే నీళ్లు. కొమ్మలకు కట్టిన ఎర్ర గుడ్డ పేలికలే గుర్తుగా దూసుకుపోయాను. అంత సంతోషంగా నేనెన్నడూ పరుగెత్తలేదు. మూడో స్థానంలో గీత దాటాను.

రెండో స్థానంలో వచ్చిన జక్రాన్‌పల్లి అమ్మాయి పక్కనే కూలబడి అడిగింది.

"గుట్టెక్కుతుంటే నీకు గూడ కాళ్లు గుంజినయా అక్కా?"

"ఏ గుట్ట?"

"మంచిగనే ఉన్నవ్. గుట్టెక్కకుంట ఎగిరొచ్చినవా?"

అప్పుడు తెలిసింది. నేను అనుసరించినవి పందెం వారి గుర్తులు కావు. వల వేసిన చోటు తెలిసేందుకు జాలర్లు కట్టుకున్న పేలికలవి. ఇక్కడే పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి తెలియనిది కాదు. పరుగు ఉత్సాహంలో ఒడ్డు వెంట అడ్డదారిన వచ్చేశాను.

మణికట్టు చూసుకున్నాను. తెల్ల దారం పక్కనే నీలి దారం ఉంది. ఒంటిచేత్తో ఎవరూ వేసుకోలేని ముడి. గుట్ట మీది పుస్తకం తెప్పించి చూశాం. ఆడవారిలో నా నంబరు మూడోదిగా రాసి ఉంది.

నిర్వాహకునితో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన నవ్వాడు.

"దారం చేతికుండె, నంబర్ బుక్కుల ఉండె. పరేషాన్ ఎందుకు చెల్లె?"

నాలుగో స్థానంలో వచ్చిన పిల్ల కళ్లు తుడుచుకుంటూ బూట్లు విప్పుకుంటోంది. నేను ఎక్కని గుట్టకు స్థానం తీసుకోలేనన్నాను. మూడో స్థానం ఆమె పేరిట రాయించాను.

తరువాత ఒక్కదాన్నే ఆ గుట్టకు పరుగెత్తాను. భయం కంటే ఆత్రమే ఎక్కువ. పైన ఒక పెద్దామె దారం ఉండలు మూట కడుతోంది. ఆమెను నేనెన్నడూ చూడలేదు.

"మల్లొచ్చినవేంది బిడ్డా? పొద్దుగాల నవ్వుకుంట ఒస్తివి, నేనే కడ్తి. మజ్జిగియ్యబోతే వద్దంటివి."

ఆ ఉదయం గుట్ట ఎక్కింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం ఆ పెద్దామె పక్కన కూర్చుని మజ్జిగ అడిగి తాగాను.