చూసిందే చెప్పాలి

మాచర్ల బజారులో స్టీలు సామాన్ల కొట్టు నడిపిన బాలకోటయ్యకు కూతురి నోరు మూయించడం ఏనాడూ చేతకాలేదు. కొనడానికి వచ్చినవాళ్లు బిందెను వేలి కణుపుతో కొట్టి చూస్తుంటే, "ఎందుకట్లా కొడతారు? మోగితే ఏమయిద్ది?" అని అడిగేది నాగవల్లి. "బేరం చెడగొట్టమాకే తల్లీ" అని ఆయన తల పట్టుకునేవాడు. ఆ పిల్లే పెరిగి, లెక్కలు చదివి, వెల్దుర్తి వెళ్లే దారిలో ఒక ఊరి హైస్కూల్లో టీచరయింది. నలభై దాటినా అడగడం మానలేదు.

నిరుడు దసరా సెలవుల తర్వాత నరసరావుపేటలో టీచర్లకు శిక్షణ పెట్టారు. పిల్లల మనసు గురించి. చెప్పడానికి వచ్చినావిడ, "పిల్లల్లో ఏం తక్కువో మనందరికీ తెలుసు. ఏం బాగుందో ఎప్పుడైనా వెతికారా?" అంది. వెనక వరసల్లో కొందరు ఫోన్లు చూసుకుంటున్నారు. నాగవల్లి మాత్రం ఆ మాట దగ్గరే ఉండిపోయింది. తన ఎనిమిదో తరగతిలో ఎవరికి భిన్నాలు రావో, ఎవరు ఎక్కం మధ్యలో తడబడతారో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ఎవరిలో ఏం బాగుందో చెప్పమంటే ఇద్దరు ముగ్గురి తర్వాత మాట ఆగిపోయింది. ఆవిడ చెప్పిన పద్ధతి మీద నమ్మకం కుదిరిందని కాదు గానీ, చేసి చూడాలనిపించింది.

హెడ్మాస్టరు రాజారత్నం వెంటనే ఒప్పుకోలేదు.

"సిలబస్ ఎనకబడితే పైవాళ్లకి జవాబు చెప్పాల్సింది నేనమ్మా."

"శనివారం చివరి పీరియడ్ ఇవ్వండి సార్. ఆ టైముకి ఎట్లాగూ పిల్లల చెవులు పనిచేయవు."

ఆయన నవ్వాడు. నవ్వాక కాదనలేకపోయాడు.

ఆవిడ చెప్పిన పద్ధతి ఇదీ: ఒకరు ముందుకొచ్చి కుర్చీలో కూర్చోవాలి. మిగతావాళ్లు ఆ కూర్చున్నవాళ్లు చేసిన మంచి పని ఏదైనా చెప్పాలి. కళ్లతో చూసిందే చెప్పాలి. ఊరికే మంచోడు, తెలివైనోడు అంటే కుదరదు. మొదటి శనివారం విశాల్ కూర్చోగానే వెనక నుంచి ఎవడో, "వీడు బాగా నిద్రపోతాడు మేడం, కళ్లారా చూశాం" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నవ్వులు తగ్గాక ఒక అమ్మాయి లేచి, "మొన్న కుళాయి దగ్గర పాము కనబడితే చిన్నపిల్లల్ని ఎనక్కి లాగింది వీడే మేడం. వీడికీ భయమేసింది. అయినా లాగాడు" అంది. విశాల్ ఎటు చూడాలో తెలియక చొక్కా గుండీ తిప్పుకుంటూ కూర్చున్నాడు. మరుసటి వారానికి, తమ వంతు ఎప్పుడని పిల్లలే అడగసాగారు.

కొన్ని వారాలకు సనా వంతు వచ్చింది. ఆ పిల్ల తండ్రి చాంద్ బాషా మోటారు మెకానిక్. పని కోసం ఆ వేసవిలోనే గురజాల వైపు నుంచి ఇక్కడికి వచ్చారు. సనా కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది. నాగవల్లి క్లాసు వైపు చూసింది. ఎవరూ చెయ్యెత్తలేదు. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అది కోపమూ కాదు, వెటకారమూ కాదు. చూసింది చెప్పమన్నారు, వాళ్లేమీ చూడలేదు. తానే ఏదో ఒకటి చెబుదామని నాగవల్లి నోరు తెరిచింది. ఆమెకూ ఏమీ తోచలేదు. ఇంతలో బెల్లు కొట్టారు.

సోమవారం సనా బడికి రాలేదు. మంగళవారమూ రాలేదు. సాయంత్రం నాగవల్లి వాళ్లింటికి వెళ్లింది. వసారాలో మిరపకాయల రాశి ముందు కూర్చుని తొడిమలు తీస్తున్న తల్లి జాన్‌బీ, కొంగుతో చేతులు తుడుచుకుని లేచింది. "రా మేడం, కూర్చో. ఏందో కడుపులో నొప్పంటంది. నొప్పి యాడుందో చెప్పదు."

ఘాటుకి తుమ్ముతూనే నాగవల్లి సనా పక్కన పీట వేసుకుంది. "ఆ రోజు తప్పు నాదేనే" అంది.

సనా తలెత్తింది. "తప్పేముంది మేడం. వాళ్లు అబద్ధం చెప్పలేదుగా." "నేను అంత కనబడనా మేడం?" అని అడిగింది. నిష్ఠూరంగా కాదు, నిజంగా తెలుసుకుందామన్నట్టు అడిగింది.

నాగవల్లి తనకూ తెలియదనే చెప్పింది. "నువ్వు రా. ఎందుకట్లా అయిందో ఇద్దరం కనుక్కుందాం."

ఆ శనివారం కుర్చీ తీసేసింది. ఒక్కొక్కరికీ ఒక్కొక్కరిని అప్పగించి, వారమంతా గమనించమంది. తర్వాతే చెప్పడం. సనాను గమనించే పని విశాల్‌కు పడింది.

పై వారం వాడు లేచి బుర్ర గోక్కున్నాడు. "మేడం, ఈ అమ్మాయి బళ్లో మాట్లాడదు గానీ, ఇంటికి పోయేటప్పుడు తమ్ముడికి చానా మంది మాదిరి చేసి చూపిస్తది. బస్సు కండక్టర్ని చేస్తది. హెడ్మాస్టర్ గారి దగ్గు కూడా చేస్తది." కాస్త తటపటాయించి, "మిమ్మల్ని కూడా" అన్నాడు.

"నన్నా? ఎట్లా?"

అందరూ సనా వైపు తిరిగారు. ఆ పిల్ల కూర్చున్న చోటనే కళ్లద్దాలు సర్దుకున్నట్టు చెయ్యి పెట్టి, మెడ వంచి, "సరే, జవాబు కరెక్టే. ఎందుకు కరెక్టు?" అంది. గొంతు అచ్చం నాగవల్లిదే. పిల్లల నవ్వుకు పక్క క్లాసు టీచరు వచ్చి తొంగిచూసింది. నాగవల్లి కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది, నవ్వీ నవ్వీ.

ఆ తర్వాత సనా రోజూ బడికొచ్చింది. వాగుడుకాయ ఏమీ కాలేదు. భోజనం దగ్గర పక్కన ఇద్దరు ముగ్గురు చేరారు, అంతే. "మార్కులేమన్నా పెరిగినయ్యా?" అని రాజారత్నం అడిగితే, "ఇంకా తెలీదు సార్. గైర్హాజర్లు తగ్గినట్టుంది. అది దీనివల్లో చలి తగ్గినందుకో చెప్పలేను" అంది.

వేసవికి ముందు మళ్లీ నరసరావుపేటలో పిలిచి ఆమెను మాట్లాడమన్నారు. నవ్వుల సంగతి కంటే ముందు, ఎవరూ చెయ్యెత్తని శనివారం గురించి చెప్పింది. శావల్యాపురం నుంచి వచ్చిన ఒక టీచరు లేచి, "తమని గమనించడమే ఇష్టం లేని పిల్లలుంటే ఏం చేస్తారు మేడం?" అని అడిగింది. ఆ సంగతి నాగవల్లికి తట్టనే లేదు. మాచర్ల బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారంతా అదే ఆలోచించింది.

మర్నాడు ఆ ప్రశ్నను పిల్లల ముందే పెట్టింది. తలా ఒకటి అన్నారు. చివర్లో సనా లేచింది.

"చూడొచ్చు మేడం. అందరికీ చెప్పే ముందు మాత్రం వాళ్లని అడగాల, చెప్పనా అని."

"నేను అడగలేదుగా" అన్నాడు విశాల్.

"అడగలేదు. అందుకే ఆ తర్వాత వారమంతా నీతో మాట్లాడలా."

"నువ్వు అంతకుముందు కూడా మాట్లాడలేదుగా, నాకెట్లా తెలుస్తది?"

క్లాసు నవ్వింది, సనా కూడా నవ్వింది. నాగవల్లి సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగింది. "సరే, ఇయ్యాల్టి నుంచి అడిగే చెప్దాం. ఎవరన్నా వద్దంటే ఏం చేద్దాం?" అంది. వెనక బెంచీలోంచి రెండు చేతులు లేచాయి.