చైనా కత్తికి రూఫ్ టెస్టింగు

ఇన్నేండ్ల నుంచి మీరంతా నన్ను కత్తుల ఓదెలు అనుకుంట వచ్చిన్రు. ఇగ ఆ పేరు తీసేయున్రి. మొన్న సోమవారం ఠాణాల కూసొని, నా చేతులార నేనే ఆ పేరు కొట్టేసుకున్న. ఎట్లనో చెప్త గని, ముందుగాల చాయ్ చెప్పున్రి.

నా పని ఏందో మీకు ఎరుకే. బొగ్గు గనిల సర్దార్. షిఫ్టు మొదలుగాంగనే అందరికన్న ముందు లోపటికి పోయి, రూఫు, అంటే నెత్తి మీది కప్పు, గట్టిగున్నదా లేదా అని కొట్టి చూడాలె. ఒక చెయ్యి పైన ఆనిచ్చి ఇంకో చేత్తోని కొడుతం. ఖంగుమంటే మంచిది. డొల్లగ బద్దుమంటే అక్కడ మనిషిని నిలవెట్టద్దు. ఇరవై రెండేండ్లు గిదే పని చేసేసరికి నాకో అలవాటు పడ్డది. ఏ వస్తువు చూసినా ముందుగాల కొడ్త. పుచ్చకాయ కొడ్త, కొత్త బీరువా కొడ్త. పెండ్లిచూపులకు పోయిన్నాడు మా అత్తగారింటి గోడ కూడ కొట్టిన.

ఇగ డ్యూటీ దిగినంక నా పిచ్చి కత్తుల పిచ్చి. పాత దొరల గడీల సామాన్లు అమ్మేటప్పుడు దొరికిన బాకులు, పిడి ఊడిన తల్వార్లు, ఒక వంకర జంబియా. పన్నెండేండ్లల్ల పద్నాలుగు జమ చేసిన. క్వార్టర్ల ముందట రూముల షోకేసు చేయించి పెట్టిన. వచ్చినోళ్లను కూసోవెట్టి, ఇది నైజాం జమానది, ఇది ఫలానా దొరది అని చెప్పుకుంట పోత. మీరు మా ఇంట్ల ఎన్నడన్న వేడి చాయ్ తాగిన్రా? తాగలే. నేను చెప్పుడు అయ్యేసరికి చల్లారుతది.

పోయిన శుక్రవారం మాధవరావు సారు ఫోన్ చేసిండు. కమాన్‌పూర్ బడిల నాకు లెక్కలు చెప్పిన సారు. రిటైరై ఇప్పుడు మంథనిల ఉంటుండు.

“ఓదెలూ, నువ్వు కత్తులు బాగ గుర్తువడ్తవట కదా. మా ఇంట్ల ఒక చైనా కత్తి ఉన్నది. అసల్దో కాదో చూసి చెప్పాలె.”

బడిల ఉన్నన్ని రోజులు ఆ సారు నన్ను ఒక్క ప్రశ్న అడగలే. అడిగితే నాకు రాదని ఆయనకు బాగ తెల్సు. అసొంటి సారు ఇయ్యాల నన్ను అడుగుతున్నడంటే ఎట్లుంటది చెప్పున్రి. ఆదివారం పొద్దుగాలనే ఇస్త్రీ అంగీ తొడుక్కున్న. సంచిల భూతద్దం, తెల్ల గ్లౌజులు, కొట్టి చూడనీకి ఒక చిన్న ఇనుప చువ్వ పెట్టుకొని బండెక్కిన.

సారు గోడకు కొట్టిన మొలకు వేలాడుతున్న కత్తిని రెండు చేతులతోని తీసి నా ముందట పెట్టిండు.

“మా అన్న కలకత్తల నౌకరి చేసేటప్పుడు ఒక చైనా ముసలాయన ఇచ్చిండట. వాళ్లింట్ల ఆరు తరాల నుంచి ఉన్నదట. పోయినేడు అన్న కాలం చేసిండు. పోయే ముందట దీన్ని నాకిచ్చిండు” అని చెప్పిండు.

చూడనీకి మస్తుగున్నది. ఒర నిండ ఇత్తడి డ్రాగన్లు, ఎర్రయి పచ్చయి రాళ్లు, పిడికి ఎర్ర పట్టు కుచ్చు. గ్లౌజులు తొడుక్కొని భూతద్దం పెట్టిన. రెండు నిమిషాలల్ల సంగతి తెలిసిపోయింది. డ్రాగన్లు చెక్కినయి కావు, అచ్చుల పోసినయి. రెండు ముక్కలు అతికిన గీత వాటి కడుపు మీద సక్కగ కనవడుతున్నది. రాళ్లు గాజుయి. బ్లేడు మన వంటింటి గిన్నెల స్టీలు. దానికి ఎన్నడూ పదును పెట్టిన జాడ లేదు. షోకేసుల పెట్టుకునేటందుకు చేసిన నకలు అది. నకలుల మంచి నకలే, పనితనం ఉన్నది. కాని నకలు నకలే.

తలకాయ ఎత్తేసరికి సారు నా మొఖమే చూస్తున్నడు.

“ఏమంటవ్? అసల్దేనా?”

నిజం చెప్తే, కాలం చేసిన వాళ్లన్న చెప్పిన మాట అబద్ధమని చెప్పినట్టు అయితది. ఆ పెద్దమనిషి మనసు నొప్పిచ్చుడు ఎందుకు అనిపిచ్చింది. ఇంకోటి కూడ ఉన్నది, మీ దగ్గర దాచుడెందుకు? నకిలీ అంటే మాట అక్కడికే అయిపోతది. అసల్దంటే దాని చరిత్ర చెప్పచ్చు, సారు నోరు తెరిచి వినచ్చు. నాకు గా ఆశ పుట్టింది.

“అసల్దే సార్. రెండు వందల యాభై ఏండ్లు తక్కువుండదు” అని చెప్పిన.

“ఎట్ల తెల్సింది?”

లెక్కల సారు కదా, జవాబు చెప్తే సాలదు. ఎట్ల వచ్చిందో చూపియ్యాలె. చువ్వ తీసి, గనిల రూఫు కొట్టినట్టు, బ్లేడుకు ఒక చెయ్యి ఆనిచ్చి కొట్టిన. బద్దుమన్నది.

“విన్నరా సార్, ఎట్ల ఖంగుమన్నదో?”

“నాకు బద్దుమన్నట్టు వినవడ్డది గదరా.”

“వయసు మీద పడ్డది కద సార్, గట్లనే వినవడ్తది.”

చెవులు నాకన్న మంచిగున్న మనిషిని పట్టుకొని గట్ల చెప్పిన. ఇప్పుడు తలుసుకుంటే సిగ్గయితది.

సారు కత్తి దిక్కు చూసిండు, గోడకున్న మొల దిక్కు చూసిండు.

“అయితే ఇది ఇంట్ల ఉండద్దు ఓదెలూ. నకలు అయితే గోడకు ఉంటుండె. అసలు ఆయుధమైతే, లైసెన్సు లేదు కాబట్టి ఠాణాల అప్పజెప్పాలె. రేపు పోదాం. నువ్వు చూసినట్టు ఒక కాయితం రాసియ్యి.”

ఈ సారు బడిల పెన్సిలు ముక్క దొరికినా హెడ్మాస్టరు రూముల ఇచ్చి రమ్మనెటోడు. మర్చేపోయిన. అప్పుడన్న నోరిప్పాలె కదా. ఇప్పలే. రెండు వందల యాభై ఏండ్లని ఇప్పుడే గొప్పగ చెప్పి, మళ్ల అదే నోటితోని ఎట్ల మాట మారుస్త? సారు తెల్లకాయితం, పెన్ను తెచ్చి ముందట పెట్టిండు.

“మార్జిన్ వదిలి రాయి” అన్నడు.

రాసిన. రాసేటప్పుడు కూడ నా బుద్ధి ఊకుండలే. ‘పన్నెండు సంవత్సరాలుగా పురాతన ఆయుధములు సేకరిస్తున్న అనుభవముతో ధ్రువీకరించడమైనది’ అని పెద్ద అక్షరాలతోని రాసి సంతకం పెట్టిన.

సోమవారం నాది సెకండ్ షిఫ్టు. పొద్దుగాలనే ఇద్దరం ఠాణాకు పోయినం. హెడ్ కానిస్టేబుల్ సార్ మంచి మనిషి. సారును కుర్చీల కూసోవెట్టి, నేనెవరో, ఎట్ల కొట్టి చూసిన్నో ఆయన చెప్తుంటే వినుకుంట నా కాయితం అంత చదివిండు.

“అన్నా, నువ్వు సర్దారువా? మా నాయిన కూడ సర్దారే, గోలేటి గనిల చేసి దిగిపోయిండు. కొట్టి చూసి చెప్పినవట, మంచిగున్నది. ఏదీ, ఓసారి మళ్ల కొట్టు.”

ఈ బొగ్గు బెల్టుల ఉన్న బాధే గిది. ఎవల నాయినో ఒకలు గనిలనే ఉంటరు. చువ్వ తీసి మెల్లగ, తగిలీ తగలనట్టు కొట్టిన.

“గట్లనా కొట్టేది? చెయ్యి ఆనిచ్చి కొట్టాలె కదా” అనుకుంట కత్తి ఆయనే తీసుకున్నడు. చెయ్యి ఆనిచ్చి, తాళంచెవుల గుత్తితోని ఒక్కటి ఇచ్చిండు. బద్దుమన్నది. నా మొఖం చూసి ఇంకొకటి ఇచ్చిండు. పిడి ఆయన చేతుల ఉండిపోయింది, బ్లేడు పోయి టేబులు మీద పడ్డది. పిడి లోపట సన్న చువ్వ, దాని కొసకు ఒక నట్టు. సీలింగ్ ఫ్యానుకు ఉంటది సూడున్రి, అసొంటిదే.

“అన్నా, ఇది రూఫయితే మనం ముగ్గురం పోయినట్టే” అన్నడు ఆయన.

సారు నా దిక్కు తిరిగిండు. ఇగ దాచనీకి ఏం మిగల్లే.

“నకిలీదే సార్. నిన్ననే తెల్సు నాకు. మీకు బాధయితదని చెప్పలే.”

తిడ్తడనుకున్న. సారు మాత్రం సగం కుర్చీల నుంచి లేసి, “అయితే ఇంటికి తీస్కపోవచ్చా?” అని అడిగిండు. ఆయన మొఖం ఎట్ల వెలిగిందో చెప్పలేను. ఆరు తరాలు పోయినయన్న రంది ఆయనకు ఇసుమంత లేదు. అన్న ఇచ్చింది మళ్ల మొలకు ఎక్కుతదన్న సంబురమే ఉన్నది. ఆదివారమే నేను నిజం చెప్పుంటే ఈ తిరుగుడే లేకుండె.

అక్కడితోని అయిపోయిందనుకొని నేను లేసిన. కానిస్టేబుల్ సార్ కాయితం మీద వేలు పెట్టిండు.

“ఒక్క నిమిషం అన్నా. పన్నెండేండ్ల నుంచి పురాతన ఆయుధాలు జమ చేస్తున్న అని రాసినవ్. ఎన్ని ఉన్నయ్ ఇంట్ల? వాటికి లైసెన్సులు గిట్ల ఉన్నయా?”

ఒక్కొక్క కత్తి కండ్ల ముందటికి వచ్చింది. ఆ జంబియా అసల్దని ఒప్పియ్యనీకి నేను ఎంత మందితోని కొట్లాడిన్నో మీకు ఎరుకే.

“పద్నాలుగు సార్” అని చెప్పిన. “అన్నీ నకిలీయే.”

“అన్నీనా?”

“అన్నీ సార్. ఒక్కటి కూడ అసల్ది లేదు.”

“గయితే గదే రాసియ్యి” అని ఇంకో తెల్లకాయితం ఇచ్చిండు. రాయవట్టిన. పక్కపొంటి సారు వంగి చూసి, “మార్జిన్” అన్నడు. కానిస్టేబుల్ సార్ దాని మీద ముద్ర కొట్టి, నాకొక కాపీ ఇచ్చిండు.

బయటికి వచ్చినంక సారు నా భుజం మీద చెయ్యేసిండు. “ఏం రంది పెట్టుకోకు ఓదెలూ. వచ్చినోళ్లకు అసల్దే అని చెప్పుకో. నేను ఎవ్వలకు చెప్ప.” నేను ఆయనను సంబురపెడ్దామని పోతే, ఆయనే నన్ను ఊకోవెట్టి పంపిండు.

ఇంటికి వచ్చి ఆ కాపీని టేబులు మీద పెట్టి డ్యూటీకి పోయిన. అదే నా తప్పు. తెల్లారి లేసి చూసేసరికి మా ఆమె దాన్ని ల్యామినేషన్ చేయించి, షోకేసు అద్దానికి సక్కగ అంటించింది. సంతకం ఉన్నది, తారీఖు ఉన్నది, ఠాణా ముద్ర ఉన్నది. మొత్తం షోకేసుల అసల్దని రుజువు ఉన్న వస్తువు ఇప్పుడు అదొక్కటే.