తన చేత్తో పీకిన గుంజలు

తమ్ముడు గంగన్న శవాన్ని పడవలోంచి దించినప్పుడు వీరాంజనేయులు కాళ్ల వైపు పట్టుకున్నాడు. తల వైపు పట్టుకునే ధైర్యం చాల్లేదు. దివిసీమ ఉప్పెన వచ్చిన మూడో ఏడు అది. వల ఎక్కడ వెయ్యాలన్న మాట మీద ఎదరపాలెం వాళ్లతో తెడ్లతో కొట్టుకున్నారు, తమ్ముడు పోయాడు. ఆ తర్వాత ఆరేళ్లు చినపాలెం మగవాళ్లలో సగంమంది బందరు కోర్టు వరండాలోనే బతికారు. చివరికి కేసు కొట్టేశారు.

వీరాంజనేయుల్ని ఊరిపెద్దగా కూర్చోబెట్టిన రోజున ఆయన మనసులో అనుకున్నది ఒక్కటే. తను ఉండగా ఇంకో శవం పడవలోంచి దిగకూడదు. చాలా ఏళ్లు దిగలేదు.

చినపాలేనికి ఉన్నదల్లా ఉప్పుమొగ. కాలవ సముద్రంలో కలిసే ఆ మొగలో మూడు వరసల సరుగుడు గుంజలు పాతి, వాటి మధ్య వలలు కట్టేవాళ్లు. ఆటుకి నీళ్లు వెనక్కి లాగేటప్పుడు రొయ్య వలల్లో పడేది. రోజుకి ఇన్ని ఇళ్లని వంతు. ఊళ్లూళ్లూ రొయ్యల చెరువులు తవ్వేసరికి రొయ్యపిల్లకి గిరాకీ పుట్టింది, గుడివాడ నుంచి కూడా వ్యాన్లు వచ్చేవి. దాంతో ఎదరపాలెం కళ్లు మొగ మీద పడ్డాయి. వాళ్లవి ఇంజను పడవలు, జనం మూడింతలు.

తొంభై ఏడులో వాళ్ల పెద్ద దుర్గారావు ఏడుగురిని వెంటబెట్టుకొచ్చాడు.

"బావా, మీ బయటి వరస మా పడవలకి అడ్డమొస్తోంది. తీయించు. లేదంటే మా కుర్రాళ్లు తీస్తారు. తియ్యడం దగ్గరే ఆగుతారని నేను మాటివ్వలేను" అన్నాడు నవ్వుతూ.

గంగన్న కొడుకు నరేంద్ర తెడ్డు అందుకున్నాడు. వీరాంజనేయులు వాడి భుజం మీద చెయ్యేసి నొక్కాడు. వాళ్లు పీకితే కొట్లాట, మనమే పీకేస్తే గొడవే లేదు అనుకున్నాడు. ఆయనే మొలలోతు నీళ్లలో దిగి, ఒక్కో గుంజనీ ఊపి ఊపి పీకాడు.

"పెద్దమనిషివి బావా! ఇక మీ జోలికి రాం" అని దుర్గారావు కొబ్బరిబోండాం కొట్టించి ఇచ్చాడు. వీరాంజనేయులు తాగాడు.

బడి పంతులు ఏలీయా టీకొట్టు దగ్గర పేపరు మడిచి అన్నాడు. "దేశాలేలేవాళ్లూ ఇంతే మావయ్యా. బలమున్నవాడు గుమ్మంలో నిలబడితే ఒక ముక్క కోసిచ్చి, తిని పడుకుంటాడులే అనుకుంటారు."

"తెలివిలేక ఇస్తారంటావా మాస్టారూ?"

"కాదు. పోయినసారి యుద్ధంలో పాడె మోసినవాళ్లు గనక ఇస్తారు. ఎదుటివాడికీ ఆ భయం ఉంటుందనుకుంటారు. అక్కడే దెబ్బతింటారు."

"అయితే ఈసారి శవాన్ని నువ్వెళ్లి మోసుకురా" అని వీరాంజనేయులు గ్లాసు బల్ల మీద పెట్టి లేచిపోయాడు.

ఏడాది తిరగలేదు, నాలుగు పడవలొచ్చాయి. నడిమి వరస తియ్యమన్నారు. వీరాంజనేయులు వారం గడువడిగి, మత్స్యశాఖ అధికారి దగ్గరికెళ్లి మొరపెట్టుకున్నాడు. "మీరూ మీరూ సర్దుకోండయ్యా, ఎలక్షన్ల ముందు నా మీదకి తేకండి" అన్నాడాయన. వీరాంజనేయులు మళ్లీ నీళ్లలో దిగాడు. ఈసారి బోండాం లేదు. "వారం పట్టిందేంటి బావా?" అని మాత్రం అడిగాడు దుర్గారావు.

ఆ సాయంత్రం గంగన్న భార్య ఎల్లమ్మ ఎండుచేపలు తిరగేస్తూ అంది. "బావగారూ, ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. ఎవడి గుంజ వాడే పీకేసుకుంటే ఆ చోటు వదులుకున్నట్టేగా మన కట్టుబాటు? పరాయి గుంజ మీద చెయ్యేసినవాణ్ణి చుట్టుపక్కల ఏడూళ్లూ వెలేస్తాయిగా? మరి రెండుసార్లూ ఆ దుర్గారావు కాలు తడవకుండా పడవలోనే ఎందుకు నిలబడ్డాడండీ?"

వీరాంజనేయులు "నీ కొడుకు కోసమేనమ్మా ఇదంతా" అన్నాడు.

"తెలుసండి. నాలుగు రోజులకొచ్చే వంతు పన్నెండు రోజులకొస్తోంది. నా కొడుకు ఏం తింటున్నాడో కూడా చూడండి."

ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు.

మూడోసారి పదకొండు పడవలు పట్టపగలే వచ్చాయి. మిగిలిన ఆఖరి వరస కావాలన్నారు. అది పోతే చినపాలెం ఖాళీ చెయ్యాల్సిందే. గట్టు మీద మగవాళ్లు తెడ్లు పట్టుకున్నారు.

"ఒక్కడు కూడా నీళ్లలో కాలు పెట్టొద్దు" అన్నాడు వీరాంజనేయులు.

"మళ్లీ పీకడానికేగా పెదనాన్నా? తాడు తెమ్మంటావా?" అన్నాడు నరేంద్ర కసిగా.

ఆయన నీళ్లలో దిగి, మొదటి గుంజని చేతులతో చుట్టి పట్టుకున్నాడు.

"కానియ్యి బావా, ఎండెక్కుతోంది" అన్నాడు దుర్గారావు పడవలోంచి.

"నువ్వు పీకు."

"ఏంటీ?"

"నువ్వే దిగి పీకు, దుర్గారావూ. ఎవరు పీకారో ఏడూళ్లకీ నేను చెప్పుకుంటాను."

దుర్గారావు నవ్వాడు. అతని వెనక పడవల్లో వాళ్లెవరూ నవ్వలేదు. ఒకడు నీళ్లలోకి దూకి తెడ్డుతో వీరాంజనేయులి భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు గట్టుదాకా వినపడింది. నరేంద్ర మోకాలిలోతుకి వచ్చేశాడు.

"ఆగరా!" వీరాంజనేయులు గుంజ వదలకుండా అరిచాడు. "నువ్వొక్క దెబ్బ కొట్టావంటే ఇది మళ్లీ కొట్లాటే. గుంజ ఎవరిదని ఒక్కడూ అడగడు!"

ఎల్లమ్మ పరుగెత్తుకొచ్చి కొడుకు చొక్కా పట్టుకుంది. కొట్టినవాడు తెడ్డు పారేసి గుంజ మీద చెయ్యి వెయ్యబోయాడు.

"చెయ్యి తియ్యరా!"

ఆ కేక వేసింది దుర్గారావు. అతని మొహంలో నవ్వు లేదు. కాసేపటికి పడవలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి.

మర్నాడు ఏడూళ్ల పెద్దలు చినపాలెంలో కూర్చున్నారు. ఆఖరి వరస జోలికి ఎవరూ రాకూడదని తీర్పు చెప్పారు. బయటి రెండు వరసలూ కూడా ఇప్పించమని ఊరంతా బతిమాలింది.

"ఆ రెండూ నువ్వే పీకావుగా వీరాంజనేయులూ?" అడిగాడొక పెద్దాయన.

ఆయన కట్టుకట్టిన చేత్తో లేచి నిలబడ్డాడు. "అవునండి, నేనే పీకాను. ఉన్న వరసలో మా ఇంటి వంతు మా తమ్ముడి ఇంటికి రాయండి."

ఎల్లమ్మ వద్దనలేదు.