అందరూ అంటారు కాబట్టి

పెనుకొండ ఉషారాణితో వాదనకు దిగి నెగ్గినవాళ్ళు లేరని వాళ్ళమ్మ అంజినమ్మ ఎప్పుడూ మొత్తుకుంటుంది. ధర్మవరంలో ఆరేళ్ళు లెక్కల టీచరుగా చేసి, చివరికి హెడ్మాస్టరునే "దానికి రుజువేంది సార్?" అని నిలదీసి ఉద్యోగానికి ఎసరు తెచ్చుకున్న మనిషి. ఇన్నాళ్ళకు ఆ నోటికి తగ్గ పని దొరికింది. హిందూపురంలో ఒక చిన్న ఆఫీసులో కూర్చుని, కంప్యూటరు చేసే వాదనలకు మార్కులు వేస్తుంది. చెప్పిన కారణాల నుంచి ముగింపు సరిగ్గా వస్తే ఐదు, అసలు రాకపోతే ఒకటి. కారణాలు నిజమో కాదో చూడటం మీ పని కాదని నియమాల పుస్తకం మొదటి పేజీలోనే రాసిపెట్టారు.

రెండు నెలలుగా వస్తున్నవన్నీ పంట నష్టం అర్జీలు. రైతు ఫోనులో చెప్పుకున్నది విని, అర్జీ నిలుస్తుందో లేదో కంప్యూటరు తేలుస్తుంది. మంచి మార్కులు పడిన తీర్పు ఆ సాయంత్రం ఐదింటికి ఖాయమైపోతుంది.

ఆ శుక్రవారం పొద్దున వచ్చిన వాదన ఇది: "రైతు జూన్‌లో శనగ విత్తానన్నాడు. శనగ చలికాలపు పంట, జూన్‌లో ఎవరూ విత్తరు. కాబట్టి అతను చెప్పింది అబద్ధం." ఎక్కడా సందు లేదు. ఉషారాణి ఐదు వేసింది.

మధ్యాహ్నం పని తగ్గాక, జూన్‌లో శనగ వేసిన ఆ మహానుభావుడెవరో విందామని సరదాపడి, అర్జీతో పాటు రికార్డయి వచ్చిన రైతు గొంతును చెవిలో పెట్టుకుంది.

"ఆమడగూరు కుళ్ళాయప్పను సార్. జూన్‌లో చెనిక్కాయ ఏసినా. ఊడలు దిగి కాయ పట్టే టయానికి వాన రాలా. పీకితే వట్టి చెట్టే వచ్చినాది."

సరదా అంతా ఎగిరిపోయింది. చెనిక్కాయంటే వేరుశనగ. కంప్యూటరు దాన్ని శనగ అని రాసేసుకుంది. గడియారం చూస్తే నాలుగుంబావు.

పరుగున సూపర్‌వైజరు చంద్రశేఖర్ దగ్గరికి వెళ్ళింది. ఏలూరు నుంచి వచ్చిన మనిషి, చెడ్డవాడేమీ కాదు. "ఈ వాదనకు మీతో పాటు మార్కులు వేసిన మిగతా ఇద్దరు కూడా ఐదే వేశారమ్మా. మార్చాలంటే కారణం రాయాలి," అన్నాడు.

రాసింది. "చెనిక్కాయ అంటే వేరుశనగ. ఈ జిల్లాలో అందరూ అట్లే అంటారు."

తెర మీద వెంటనే కంప్యూటరు జవాబు వచ్చింది. "బలం: ఒకటి. అందరూ అంటారు కాబట్టి నిజం అనడం రుజువు కాదు."

ఉషారాణికి ఒళ్ళు మండింది. ఆ నియమం ఆమెకు కంఠతా వచ్చు. దాన్ని పట్టుకుని ఎన్ని వాదనలు కొట్టేసిందో లెక్కే లేదు.

"ఆ మాట మనకిచ్చిన పదాల పట్టికలో ఉందా?" అడిగాడు చంద్రశేఖర్.

"ల్యా."

"మరి నేనేం చెయ్యను?"

నాలుగూ నలభై. "సార్, భూమి బల్లపరుపుగా ఉండాదని ఊరంతా అన్యా అది గుండ్రమే. ఒప్పుకుంటా. మాటకు అట్ల కాదు గదా! అందరూ దేన్ని చెనిక్కాయ అంటే అదే చెనిక్కాయ. ఇంకో రుజువు యాడుంటాది? శనగను శనగ అనాలని మీకెవురు చెప్పినారు? మీ ఊళ్ళో అందరూ అంటారనే గదా?"

చంద్రశేఖర్ ఫోను అందుకున్నాడు. పది నిమిషాలు అటూ ఇటూ మాట్లాడాడు. ఐదింటికి ఇంకా ఎనిమిది నిమిషాలుందనగా కుళ్ళాయప్ప అర్జీ ఆగింది. సోమవారం దాన్ని ఒక మనిషే కూర్చుని వింటాడట.

ఉషారాణికి ఊపిరాడింది. కానీ కూర్చోలేకపోయింది.

"ముందు పోయినవీ ఇనల్ల సార్. ఈ రెండు నెలల్లో ఎంతమంది చెనిక్కాయ అన్యారో!"

"తీర్పు ఖాయమైన రోజే గొంతులు చెరిపేస్తారమ్మా. కంప్యూటరు రాసుకున్న వాదన, మన మార్కులు, అంతే ఉంటాయి."

ఆ మార్కులు తెరిచి చూసింది. శనగ, శనగ, శనగ. పక్కన తన పేరు, తను వేసిన ఐదు. ఉషారాణి అక్కడే నిలబడి ఏడ్చేసింది.