మెటికలు విరవని పలకరింపు

ఆకు కోయడం మానేసి ఏళ్ళు గడిచినా సవరియమ్మాళ్ బొటనవేలి గోరు కింద తేయాకు మరక పోలేదు. తమిళనాడులోని వాల్పారై తేయాకు కొండల్లోనే పుట్టింది. తల్లి వెనకాలే బుట్ట తగిలించుకుని ఆ వాలుల మీదే పెద్దదయింది. ఒక వానాకాలం జారిపడి మోకాలు చెడగొట్టుకున్నాక ఎస్టేటువాళ్ళు ఆమెను పిల్లల కొట్టంలో ఆయాగా వేశారు.

కొట్టమంటే రేకుల కప్పు కింద ఒక పొడుగాటి గది. దూలాలకు పాత చీరల ఉయ్యాలలు వేలాడుతుంటాయి. సైరన్ మోగగానే తల్లులు పిల్లల్ని అక్కడ దించి మంచులోకి వెళ్ళిపోతారు. మళ్ళీ ఆకు తూకం అయ్యాకే రావడం. ఈలోగా పాలు, జావ, ముక్కులు తుడవడం, జోకొట్టడం, కొట్లాటలు తీర్చడం అంతా సవరియమ్మాళ్, ఆమె తోటి ఆయా రాక్కమ్మ చూసుకోవాలి. ఆ పని సవరియమ్మాళ్‌కు ఎవరూ నేర్పలేదు. చేసి నేర్చుకుంది. ఎంత మొండి బిడ్డయినా ఆమె భుజం మీద పడితే కాసేపటికి కళ్ళు మూసేది.

ఆకు కోసే పేచ్చి కూతురు యాళిని వచ్చేదాకా ఆమెకు ఆ ధీమా ఉండేది.

యాళినికి మూడేళ్ళు నిండాయి, మాట రాలేదు. పిలిస్తే తిరిగి చూడదు. ఉయ్యాల తాడు పేటలు వేలితో తడుముతూ ఎంతసేపైనా కూర్చుంటుంది. పొద్దున గడప దగ్గర మొదలుపెట్టిన ఏడుపు మాత్రం పాల వేళ దాటినా ఆపదు. మిగతా పిల్లలు కూడా అందుకుంటారు. ఒకరోజు దగ్గరికొచ్చిన పిల్లవాడి చెయ్యి రక్తం వచ్చేలా కొరికింది. వాడి తల్లి ఫిర్యాదుతో వెళ్ళి ఎస్టేటు వెల్ఫేర్ ఆఫీసరు దగ్గర కూర్చుంది.

ఆఫీసరు చెడ్డవాడేం కాదు. పేచ్చిని పిలిచి నెమ్మదిగానే చెప్పాడు. "వచ్చే నెల నేను కొట్టానికి వస్తానమ్మా. అప్పటికీ పాప ఇలాగే ఉంటే ఇంట్లో పెట్టుకుని చూసుకోవాల్సిందే."

ఇంట్లో పెట్టుకుంటే పనికి పోయేదెవరు? పేచ్చి భర్త పోయి ఏడాదయింది. పని ఉంటేనే ఎస్టేటు కూలీల లైనులో ఇల్లు ఉంటుంది. పని మానితే ఆ ఒక్క గదీ ఖాళీ చెయ్యాలి.

"పెద్దమ్మా, నువ్వే దాన్ని ఎట్లాగైనా అలవాటు చెయ్యి" అని పేచ్చి సవరియమ్మాళ్ చేతులు పట్టుకుంది. అలవాటు చెయ్యడం ఎలాగో ఆ చేతులకు తెలియదు.

పాపను ఇంటికి పంపాలని ఆఫీసరుకూ లేదు. అందుకే కోయంబత్తూరులో ఇలాంటి పిల్లలకోసం నడిచే ఒక కేంద్రానికి కబురు చేశాడు. అక్కడినుంచి తేన్‌మొళి అనే అమ్మాయి ఆయాలకు శిక్షణ ఇవ్వడానికి వచ్చింది. కొండ మలుపుల్లో కడుపులో తిప్పి పాలిపోయిన మొహంతో బస్సు దిగింది.

"ఇదా మనకు నేర్పేది? ముందు దీనికి నిమ్మకాయ నీళ్ళు ఇవ్వాలి" అంది రాక్కమ్మ.

"నోరు ముయ్యవే, వింటుంది" అంది సవరియమ్మాళ్.

"విన్నానక్కా. ఉప్పు వేసి ఇవ్వండి" అంది తేన్‌మొళి.

చుట్టుపక్కల ఎస్టేట్ల ఆయాలు కూడా వచ్చారు. అందరూ ఉపన్యాసం వినడానికి కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. తేన్‌మొళి ఉపన్యాసం ఇవ్వలేదు. సవరియమ్మాళ్‌ను లేపి, వానలో తడిసిన గొంగడి ఒకటి తెచ్చి ఆమె మెడకు చుట్టింది. ఒకామెను చెవి పక్కన పళ్ళెం వాయించమంది. ఇంకొకామెను కళ్ళలోకి టార్చి కొట్టమంది. సవరియమ్మాళ్ చేతికి సూదీ దారమూ ఇచ్చి ఎక్కించమంది. రాక్కమ్మను పక్కన నిలబడి ప్రశ్నలు అడగమంది.

రాక్కమ్మకు పండగయింది. "ఏమక్కా, నీ పేరేంటి? ఇటు చూడు. పిలుస్తుంటే పలకవేం? చెవుడా? మంచి అక్కవి కదూ, ఒక నవ్వు నవ్వు."

దారం సూది బెజ్జం దరిదాపులకు కూడా పోలేదు. సవరియమ్మాళ్ గొంగడి లాగి అవతల పారేసింది. "ఇంకొక్క మాట మాట్లాడితే కొరికేస్తాను" అంది.

గది ఘొల్లుమంది. సవరియమ్మాళ్ మాత్రం నవ్వలేదు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలిసి అలాగే నిలబడిపోయింది.

అప్పుడు చెప్పింది తేన్‌మొళి. "యాళినికి ఉన్నదాన్ని ఆటిజం అంటారు. దిష్టీ కాదు, తల్లి తప్పూ కాదు. కొంతమంది పిల్లలు పుట్టుకతోనే చప్పుడునీ వెలుతురునీ ముట్టుకోవడాన్నీ వేరేగా తీసుకుంటారు. మీకు చిన్నగా తగిలేది వాళ్ళకు పెద్దగా తగలొచ్చు. ఒక్కో బిడ్డది ఒక్కో తీరు. అందుకని ఏడుపు ఆపడానికి పరిగెత్తకండి. అది మొదలవడానికి ముందు ఏం జరిగిందో చూడండి. పిల్లల్ని పెంచిన కళ్ళు మీవి, మీకు కనబడుతుంది."

సవరియమ్మాళ్ చూడ్డం మొదలుపెట్టింది. ఏడుపు గడప దగ్గరే మొదలవుతోంది. తల్లి వదిలి వెళ్తోందని కాబోలు అనుకుంది. కానీ పేచ్చి వీపు తిప్పకముందే యాళిని వెనక్కి విరుచుకుంటోంది. రేకుల మీద వాన చప్పుడా? వాన లేని రోజూ అంతే. రాక్కమ్మ కట్టుకున్న ఎర్రచీరా? అదీ మార్పించి చూసింది. అదీ కాదు.

ఒక పొద్దున పాల క్యాను వచ్చింది. లోపలికి మోసేవాడు రాకపోతే సవరియమ్మాళ్ తనే రెండు చేతులా పట్టుకుని గడపలో నిలబడి ఉంది. అదే వేళకు పేచ్చి వచ్చి బిడ్డను దించింది. యాళిని సవరియమ్మాళ్‌ను దాటుకుని, చప్పుడు చెయ్యకుండా లోపలికి నడిచి, తన ఉయ్యాల తాడు దగ్గర కూర్చుంది.

సవరియమ్మాళ్ క్యాను దించడం కూడా మరిచిపోయింది.

రోజూ ఆమె చేసే మొదటి పని, వచ్చిన ప్రతి బిడ్డ బుగ్గలూ రెండు చేతుల్లోకి తీసుకుని, మొహం మీదుగా చేతులు తిప్పి, తన కణతలకు నొక్కి పటపటా మెటికలు విరవడం. దిష్టి తీయడమది. ఆ కొండల మీద బిడ్డను ముద్దు చేయడమంటే అదే. యాళినికి మాట రాలేదని, ఎవరి కన్నో పడిందని, ఆమె కొంచెం ఎక్కువే విరిచేది. ఆమె ఒక్కతే కాదు, లైను ఇళ్ళనుంచి కొట్టందాకా దారిలో ఎదురైన ప్రతి ఆడమనిషీ పాపం అంటూ విరిచేది. గడప దగ్గరికి వచ్చేసరికి బిడ్డ అన్ని చేతుల్నీ, అన్ని చప్పుళ్ళనూ ఓర్చుకుని వస్తోంది. ఆఖరు దెబ్బ సవరియమ్మాళ్‌ది.

"ప్రేమగా చేశాం కదక్కా" అంది రాక్కమ్మ, విని.

"గొంగడి కూడా ప్రేమగానే చుట్టింది ఆ కోయంబత్తూరు పిల్ల."

మర్నాటినుంచి సవరియమ్మాళ్ గడపలో పక్కకు తిరిగి, చేతులు కొంగులో పెట్టుకుని నిలబడింది. లైనులో ఇంటింటికీ వెళ్ళి చెప్పింది. "దిష్టి తీయాలనుంటే బిడ్డ దాటిపోయాక తీయండి. మెటికలు మీ ఇంట్లో విరుచుకోండి." కొందరు మూతి తిప్పారు, కొందరు విన్నారు.

రెండో పనికి తేన్‌మొళి ఫోన్‌లో దారి చెప్పింది. తర్వాత ఏం జరగబోతుందో ముందే తెలిస్తే యాళినికి భయం తగ్గుతుందట. సవరియమ్మాళ్ పెట్టె చెక్క ఒకటి తెచ్చి, చిత్రిక పట్టి, అంచులు గరుకు కాగితంతో రుద్ది, మేకులు కొట్టింది. మొదటి మేకుకు పాల గ్లాసు, తర్వాత జావ చెంచా, ఆ తర్వాత నిద్రకు చీర ముక్క, చివరికి పేచ్చి పాత బుట్ట పట్టీ తగిలించింది. ఒక్కో పని అయ్యేకొద్దీ ఒక్కోటి తీసేయడం. పట్టీ ఒక్కటే మిగిలితే అమ్మ వస్తుందని. మొదట్లో యాళిని అన్నీ పీకి కింద పడేసింది. సవరియమ్మాళ్ మళ్ళీ తగిలించింది. కొన్నాళ్ళకు పాల వేళ గ్లాసు తనే తెచ్చుకుంది.

ఏడుపు పూర్తిగా పోలేదు. గాలివాన రోజుల్లో చెవులు మూసుకుని మూలకు పోయేది. అలాంటప్పుడు ఉయ్యాల చీర దించి, చిన్న గుడారంలా అడ్డం కట్టేవారు. కొరకడం మాత్రం ఆగింది.

ఆఫీసరు వచ్చిన రోజు ఆయాలిద్దరూ కొట్టం రెండుసార్లు ఊడ్చారు. ఆయనకు పిల్లలంటే ఇష్టం. లోపలికి వస్తూనే "ఏదీ మన యాళిని?" అని వంగి, రెండు చేతులూ పాప బుగ్గల వైపు చాచాడు.

"సార్, చేతులు దించండి" అంది రాక్కమ్మ. ఆ కొట్టంలో ఎవరూ ఆయనతో అలా మాట్లాడి ఉండరు.

ఆయన అలాగే ఆగిపోయాడు. సవరియమ్మాళ్ మెటికల సంగతి చెప్పింది. ఆయన చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, గోడ పక్కన బల్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు. యాళిని చెక్క మీదినుంచి చెంచా తీసుకుంది, జావ తాగింది, చీర ముక్క పట్టుకుని పడుకుంది.

"మా ఇంట్లో మనవడికి కూడా నేను విరుస్తుంటానమ్మా" అన్నాడు లేస్తూ. "పాప ఇక్కడే ఉండనీ. ఆ కోయంబత్తూరు అమ్మాయిని మళ్ళీ పిలిపిస్తాను."

సాయంత్రం పేచ్చి తడిసిన గొంగడితో పరిగెత్తుకుంటూ వచ్చింది. విషయం విని సవరియమ్మాళ్ కాళ్ళమీద పడబోయింది.

"ఛీ, లే. మోకాలు అసలే బాగాలేదు, నన్ను పడేస్తావు. నాకెవరు చెప్పారో వాళ్ళకు చెప్పు." సవరియమ్మాళ్ ఫోన్ కలిపి పేచ్చి చేతికిచ్చింది.

పేచ్చి ఫోన్ చెవికి ఆనించుకుంది. నోరు తెరిస్తే వెక్కిళ్ళు ఒక్కటే వచ్చాయి.

"హలో, ఎవరు ఏడుస్తున్నారు? యాళినా?" అంది అవతల తేన్‌మొళి కంగారుగా.

సవరియమ్మాళ్ ఫోన్ అందుకుంది. "కాదు తల్లీ. యాళిని పడుకుంది. ఏడ్చేది వాళ్ళమ్మ. కాసేపు ఏడవనీ, మేం చూసుకుంటాం."