పాలుకు తెచ్చుకున్న చామంతి

పుంగనూరులో మా నాన్నది చిల్లర అంగడి. బేరమాడకుండా కొన్న వంకాయ మా ఇంట్లో ఎవరికీ రుచించేది కాదు. పెళ్లయి మదనపల్లెకు వచ్చినా ఆ గుణం నన్ను వదల్లేదు. కుప్పంలో ఉండే మా ఆడబిడ్డతో కూడా బేరం పెట్టానంటే ఇక చూసుకోండి.

పోయిన దసరా ముందు ఆ వదినవాళ్లు పాత ఇల్లు పడగొట్టి కొత్తది మొదలుపెట్టారు. వాకిట్లో ఉన్న నాటు చామంతిని వదిన మన్నుతో సహా బొక్కెనలోకి ఎత్తి మా ఇంటికి తెచ్చింది. గుండీలంత పూలు, ముదురు పసుపు రంగు. ఆకు ముట్టుకుంటే సాయంత్రం దాకా చేతికి వాసన. ఆమె అత్తగారి కాలం నుంచి ఆ వాకిట్లో ఉన్న రకం, నర్సరీల్లో దొరకదు. గృహప్రవేశం నాటికి తిరిగిచ్చేయాలి, కొత్త గడప పక్కన నాటుకుంటానంది.

సరే అని ఊరుకోవచ్చు కదా. నేను మేకల లెక్క తీశాను. మా వైపు మేకను పాలుకిస్తారు. తల్లి ఆసామిది, పుట్టిన పిల్లల్లో సగం మేపినవాళ్లవి. అట్లే పూలన్నీ నాకు, పిలకల్లో సగం నాకు అన్నాను.

“పూలు నువ్వే ముడుసుకో. పిలకల్లో సగం గూడా తీసుకో. తల్లిని మాత్రం నాకు పానంతో ఇయ్యి,” అంది వదిన.

అంత సులభంగా ఒప్పుకునేసరికి, ఇంకొంచెం అడగాల్సిందేమోనని రెండు రోజులు బాధపడ్డాను.

పూలు నావి, మొక్క ఆమెది. కాబట్టి నా చూపంతా పూల మీదే. కార్తీకంలో బజారుకు పోయి మూర ధర అడిగి, కొనకుండా ఇంటికొచ్చి నా బొక్కెనను చూసుకుని మురిసేదాన్ని. పూత అయిపోయాక కొమ్మలు కింది దాకా కోసేయాలని పక్కింటామె చెప్పింది. పచ్చటి కొమ్మ కోసి పారేయడమంటే నాకు మంచి సరుకు వీధిలో పోసినట్టే. ఇంకొక్క మొగ్గయినా రాదా అని అట్లే ఉంచాను.

ఎండాకాలమంతా అది సాగి, ఒరిగి, మొదలు కట్టెలా ముదిరింది. జూన్‌లో వానలు పట్టుకున్నాయి. బొక్కెనలో నీళ్లు నిలిచిన సంగతి నేను చూడనే లేదు. ఒక పొద్దున ఆకులు వాలిపోయి ఉన్నాయి. పట్టుకుని కదిపితే మొదలు నల్లగా కుళ్లి చేతికొచ్చింది. గృహప్రవేశం శ్రావణంలో.

నర్సరీలో పసుపు చామంతి ఒకటి కొని అదే బొక్కెనలో పెడదామన్న ఆలోచన రాలేదని చెప్పను. పోయి బేరం కూడా చేశాను. ఆకు నలిపి చూస్తే వాసనే లేదు. వదిన ముక్కుతో మనం పడలేమని తిరిగొచ్చాను.

బస్టాండు దగ్గర పూలమ్మే ఆమెకు పుంగనూరు పక్క పల్లెలో చామంతి తోట ఉంది. నా మోచెయ్యి పొడుగని, మూర నా చేత్తోనే కొలవాలని ఏళ్లుగా ఆమెతో పట్టుబడుతున్నదాన్ని. ఇప్పుడు పోయి మొక్క బతికే దారి అడిగాను.

“సెప్తా తల్లీ. కానీ ఈ పొద్దు మూర నా సేత్తో,” అంది.

ఆమె చేత్తో రెండు మూరలు, అడిగిన ధరకే కొన్నాను. అప్పుడు చెప్పింది. కొసన పచ్చగా ఉన్న రెమ్మలు నాలుగు వేళ్ల పొడవు కోయాలి, కింది ఆకులు తీసేసి తడి ఇసుకలో గుచ్చాలి, నీడలో పెట్టి నీళ్లు చిలకరించాలి. ఊరూరికే పెరికి చూడొద్దని రెండుసార్లు చెప్పింది.

వాలిపోయిన మొక్కలోనే వెతికితే పది రెమ్మలు దొరికాయి. టమాటా క్రేటులో గోనెసంచి పరిచి, ఇసుక పోసి గుచ్చాను. ఐదో రోజున ఒకటి పెరికి చూశాను. తూకం చూడందే సరుకును నమ్మని పుట్టుక మరి. వేరు లేదు. మళ్లీ గుచ్చినా అది బతకలేదు. ఇంకో రెండు పసుపెక్కి పోయాయి. ఆ తర్వాత చేతులు కట్టుకుని కూర్చున్నాను. మూడో వారం గడిచాక మిగిలినవాటి నడిమధ్య గోరంత కొత్త ఆకు కనిపించింది. మెల్లగా లాగితే ఇసుకను పట్టుకుని రానంది. ఏడింటినీ అట్లే లాగి చూసి, ముక్కాలిపీట తెచ్చుకుని ఆ క్రేటు ముందే కాఫీ తాగాను.

గృహప్రవేశానికి వారం ముందు వదిన వచ్చింది. ఆమె చెప్పులు విడవకముందే చెప్పేశాను. తల్లి పోయింది, తప్పు నాదే, ఏడు పిల్లలున్నాయి, నా సగం వద్దు, అన్నీ తీసుకుపొమ్మన్నాను. ఆమె క్రేటు పక్కన కూర్చుని ఒక ఆకు నలిపి వాసన చూసింది. నేను ఆమె మొహమే చూస్తున్నాను.

“అదే,” అంది. తర్వాత నవ్వింది. “తల్లి యాడుంటాది మా? చామంతి ఏటేటా ముదిరి పోతానే ఉంటాది, మనం పిలకలు నాటుకుంటానే ఉంటాం. నేను నీకిచ్చింది గూడా ముందటేడు నాటిన పిలకే.”

“మరి తల్లిని పానంతో ఇమ్మంటివే ఒదినా.”

“నీ మాదిరి బేరగత్తె ముందర ఏదో ఒకటి గట్టిగా అడక్కపోతే అన్నీ నీవే అంటావని.”

రెండు నెలలుగా గుండెల మీదున్న బరువు ఒక్కసారిగా దిగింది. ఎంత తేలికయ్యానంటే, నా సగం వద్దని ఎందుకన్నానా అని అప్పుడే చింత మొదలైంది. అడగకుండానే వదిన నాలుగు తీసుకుని మూడు నాకు వదిలింది.

పోయేముందు నా మూడింటి తలలు గోటితో టపటపా తుంచింది. నా చెయ్యి దానంతటదే అడ్డం పోయింది. తుంచితేనే పక్క కొమ్మలొస్తాయని నా చెయ్యి తోసేసి, కొసలు మూడూ నా అరచేతిలో పెట్టింది. ఆమెను కుప్పం బస్సెక్కించి వచ్చాక వాటి కింది ఆకులు తీశాను. ఇసుక ఇంకా తడిగానే ఉంది.