గంటలో వస్తాయన్న నీళ్లు

మొన్న ఉదయం మా మేనకోడలు, ఉద్యోగపు పనిమీద నారాయణఖేడ్‌లో రెండు రోజులు ఉండవలసి వచ్చి, నా పక్కనే కూర్చుని ఫోనులో గది ఖాయం చేసుకుంది. లోగడ అక్కడ దిగినవారి అభిప్రాయాలు చదివి వినిపిస్తూ, కుళాయిలో నీళ్లు ఆలస్యంగా వస్తాయని ఎవరో రాసినచోట ఆగి, వేరే లాడ్జి చూడమంటావా మామా అని అడిగింది. 

అప్పట్లో గది దొరకడమంటే ఒక మనిషి మాటను నమ్ముకోవడమేనని నా ఈడు వారికి గుర్తుండే ఉంటుంది. నేను సంగారెడ్డిలో తాగునీటి పరీక్షశాలలో పనిచేసేవాణ్ణి. కంగ్టి, కల్హేర్, సిర్గాపూర్‌ల బోరునీళ్లలో ఫ్లోరైడు ఎంతుందో చూడటానికి నెలకొకసారి సీసాల పెట్టెతో ఖేడ్ చేరేవాణ్ణి. ముందురోజు బస్సు కండక్టరుతో కబురంపితే చాలు, బస్టాండు దగ్గరి లాడ్జి యజమాని మేడమీది మూలగదికి నా కోసం తాళం వేసి ఉంచేవాడు. అయినా నేను నమ్మేవాణ్ణి కాను. రుజువు లేని మాటను ఒప్పుకోకూడదని చదువు నేర్పిన నియమాన్ని మనుషులకూ వర్తింపజేసి, ఎవరికీ చెప్పకుండా కంగ్టిలో ఒక పంతులుగారి ముందుగదిని కూడా అడిగి ఉంచుకునేవాణ్ణి. లాడ్జిలో దిగగానే కుళాయి తిప్పి, పక్క దులిపి చూసే నాకు తాళంచెవి ఇస్తూ యజమాని, "పరీక్ష పెట్టుండ్రి సారూ, పాసయితమో ఫేలయితమో" అని నవ్వేవాడు.

ఒక వేసవిలో మా అక్క, ఈ మేనకోడలి తల్లి, సంగారెడ్డి దవాఖానలో పడింది. అమ్మ పోయాక కూలిపని చేసి నన్ను చదివించింది అక్కే. జ్వరపు పట్టికా రక్తపరీక్షల కాగితాలూ నేనే చూసి, కుదుటపడుతోందని తేల్చి, లాడ్జి ఫోను నంబరు బావ చేతిలో పెట్టి బయలుదేరాను.

మధ్యాహ్నం మూడింటికి లాడ్జిలో కుళాయి తిప్పితే చుక్క రాలేదు. మోటరు బాగుచేయిస్తున్నానని, గంటలో నీళ్లు వస్తాయని యజమాని చెప్పాడు. గంట అని ఏ ఆధారంతో చెబుతున్నావని నిలదీశాను. "నా మాటనే సారూ. జర కూసోండ్రి, చాయ్ తెప్పిస్త" అన్నాడు. నేను పెట్టె ఎత్తుకుని, ఎక్కడికన్నది చెప్పకుండా కంగ్టి బస్సెక్కాను.

నాలుగింటికి బావ లాడ్జికి ఫోను చేశాడు. అక్కకు ఆయాసం ఎక్కువైందని, నన్నే అడుగుతోందని. యజమాని బండి తీసి సిర్గాపూర్ పోయాడు, కల్హేర్ పోయాడు, బోరు కనబడిన ప్రతిచోటా సీసాల సారును చూశారా అని అడిగాడట. చీకటిపడి ఆగి, తెల్లవారగానే మళ్లీ బయలుదేరి, కంగ్టిలో ఒక బోరు దగ్గర నన్ను పట్టుకున్నాడు. విషయం చెప్పి బండి ఎక్కించుకున్నాడు.  బస్టాండులో దిగాక, నా ముఖం చూడకుండా అన్నాడు: "నీళ్లు గంట కాకముందే వచ్చినయి సారూ. మీరే లేకుంటిరి."

నేను చేరేసరికి అక్క లేదు. తెల్లవారుజామున పోయింది. అంతకుముందు రాత్రి పదింటిదాకా తెలివితోనే ఉండి వాకిలివైపు చూసిందని బావ చెప్పాడు. ఆ సాయంత్రం లాడ్జిలోనే ఉండి ఉంటే, అయిదింటి బస్సు నన్ను ఎనిమిదికల్లా చేర్చేది. దారిలో టైరు పోయినట్టు, బస్సు ఆలస్యమైనట్టు ఈ లెక్కను ఎన్ని విధాల వేసి చూసినా పది దాటలేదు. బావతో మాత్రం, ఊళ్లలో పనిమీద ఉన్నానని, కబురు అందేసరికి బస్సులు అయిపోయాయని చెప్పాను. లాడ్జి యజమాని తాను బతికున్నన్నాళ్లూ ఆ అబద్ధాన్ని బయటపెట్టలేదు. ఆ తరువాత నేను ఎన్నడూ రెండో గది చెప్పుకోలేదు. నీళ్లు రానినాడు ఆ మూలగదిలో మంచం మీద కూర్చుని, వచ్చేదాకా ఎదురుచూసేవాణ్ణి.

ఇప్పుడు మనిషి ఎక్కడున్నాడో ఫోనే చెబుతుంది, గది నచ్చకపోతే వేలితో మార్చుకోవచ్చు, బండేసుకుని ఊరూరా తిరిగి ఎవరూ ఎవరినీ వెతకనక్కరలేదు. మేనకోడలు ఇంకా నా జవాబు కోసమే చూస్తోంది. "ఉండనీ బిడ్డా. గంటసేపు ఆగితే వస్తయి" అన్నాను. "ఏం ఆధారం మామా?" అని నవ్వింది, నా మాటే నాకు అప్పగిస్తూ. ఆధారం ఉంది. ఇన్నేళ్లుగా ఆ పిల్లకే చెప్పలేకపోతున్నాను.